ఎదురుకోలు ఏడుపు

బండి కాజీపేట వదిలింది, ఇక గంటంటే గంట, మానుకోట వచ్చేస్తుంది, ఈ గంటలోనే మొదటి మాట తేల్చుకోవాలి అనుకున్నాడు భిక్షం, తలుపు పక్కన తన నిలువెత్తు తీగల వాయిద్యం బాస్‌ను భుజానికి ఆనించుకుని నిలబడి. బేరానికి పోయేవాడు మొదటి మాట ఇంట్లోనే సిద్ధం చేసుకుని పోవాలి, అవతలివాడి మెట్టెక్కాక వెతుక్కుంటే వాడన్న దానికే తలూపి రావాలి. జనగామలో ఐదేళ్లుగా మైకులూ ప్యాడ్లూ గిటారు తీగలూ అమ్ముతున్నవాడికి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. కానీ నరేశ్‌తో అనాల్సిన మాట జనగామలో బండెక్కినప్పుడు ఒకటిగా ఉంది, ఘనపురం దగ్గర ఇంకొకటైంది, కాజీపేటలో చాయ్ తాగేసరికి రెండూ పనికిరాకుండా పోయాయి. పదకొండేళ్లుగా తనతో మాట్లాడని మనిషి నరేశ్. అంతకు ముందు పన్నెండేళ్లు, తను బాస్ మీద, వాడు డ్రమ్ముల మీద, ఒకే వేదిక, ఒకే గది, చాలాసార్లు ఒకే కంచం. నిన్న పొద్దున షట్టర్ లేపుతుంటే ఫోన్ మోగింది, మెసేజ్. పెద్దనాయినా, నేను పూజను, నరేశ్ బిడ్డను, నానమ్మ చంద్రి పోయి తొమ్మిది రోజులైంది, రేపు దినాలు చేస్తున్నం, మీకు చెప్పొద్దని నాయిన అన్నడు, అందుకే చెప్తున్న. ఆ చివరి మాటకు నవ్వొచ్చింది, నవ్వుతూనే సగం లేచిన షట్టర్ కింద అలాగే కూర్చుండిపోయాడు. ఏడేళ్ల పిల్లప్పుడు చూశాడు పూజను, డ్రమ్ముల పక్కన ఉండే ఇత్తడి సింబల్ మీద గోరుతో కొట్టి చెవి పెట్టి వినేది. ఏ బండికి వస్తున్నదీ ఆ పిల్లకే రాసి పంపాడు. ఇంత లోకంలో అమ్మకం కొనుగోలు లేకుండా తన పేరు తెలిసినవాడు నరేశ్ ఒక్కడే. ఇవాళ వాడు కూడా స్టేషన్ నుంచే తిప్పి పంపిస్తే, రేపటి నుంచి గిరాకీ తప్ప తనను పలకరించేవాడు ఉండడు. అంతే లెక్క. దాంట్లో హెచ్చింపు లేదు, తగ్గింపు లేదు.

గాలికి నీలం టార్పాలిన్ టపటప కొట్టుకుంది. దుకాణంలో స్పీకర్ బాక్సులకు కట్టే పట్టీలతోనే బాస్‌ను చుట్టాడు, ఆరడుగుల మనిషిని చుట్టినట్టే ఉంది, బండెక్కించేటప్పుడు ఇద్దరు ముగ్గురు దారి వదిలి దండం పెట్టబోయి ఆగారు. ఎదురుగా మిరప సంచి మీద కూర్చున్న ముసలమ్మ వరంగల్ దాకా ఓపిక పట్టి ఇక ఉండలేకపోయింది.

“గిదేంది కొడుకా, గింత పొడుగున్నది. లోపట మనిషినేమన్న పెట్టినవా?”

“వాయిద్యం అవ్వా. బాస్ అంటరు.”

“గింత వాయిద్యమా. మరి గిది పెండ్లిల కొడతరా, సావుల కొడతరా?”

రెండిట్లో కాదు అవ్వా, హోటల్ల కొట్టిన అన్నాడు. తినెటోళ్లకు వాయిద్యమెందుకు, ముద్ద దిగదా అని ఆమె పక్కవాళ్లను చూసి నవ్వింది, తన పేరు కట్టమ్మ అనీ కేసముద్రంలో దిగుతాననీ, దిగేటప్పుడు ఈ మనిషిని కొంచెం పక్కకు జరపమనీ చెప్పి కళ్లు మూసుకుంది. బండి వరంగల్ దాటి వేగం అందుకుంది. పెళ్లికా, చావుకా. అంత చదువుకున్న సంగీతం వాళ్లెవరూ తనను అడగని ప్రశ్న, మిరప సంచి మీద కూర్చుని అడిగేసింది. ఈ ప్రాంతంలో తోలు బిగించినా తీగ కట్టినా ఏదో ఒక ఇంటి కోసమే, పెళ్లి ఇల్లో చావు ఇల్లో. ఎవరింటి కోసమూ కాని వాయిద్యాన్ని తను ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నందుకు ఏమి ఇచ్చాడో, ఏమి వచ్చిందో ఎన్నిసార్లు తూచి చూసుకున్నా ముల్లు ఒక పక్కకే ఒరుగుతుంది.

ఇచ్చింది మొదట భూపాలపల్లి కొలువు. దేవరుప్పుల నుంచి నాయిన మొండయ్య బొగ్గు బావి పనికి పోయినప్పుడు తనకు పదమూడేళ్లు, రెండు గదుల క్వార్టరు, గోడ మీద అల్మారాలో అమ్మ మణెమ్మ బోర్లించిన స్టీలు పళ్లేలు. పగటి షిఫ్టులో కింద బొగ్గు పేల్చినప్పుడు చెవికి ఏమీ వినపడదు, పళ్లేలు మాత్రం సన్నగా వణికేవి. తను బడి లేని రోజు గచ్చు మీద బోర్లా పడుకుని చెవి ఆనించి ఆ మోత కోసం చూసేవాడు, ధ్వని కాదు అది, కడుపులో ఎవరో తలుపు తట్టినట్టు ఉండేది. వేళకు పళ్లేలు వణికితే అమ్మ ముఖం తేటపడి బియ్యం కడగడానికి లేచేది, వణకకపోతే గుమ్మంలో నిలబడేది. కింది మోత వచ్చిందంటే నాయిన బతికి ఉన్నట్టు. అందరి పిల్లలూ పాటంటే పైన ఎగిరేది అనుకున్నారు, తనకు మాత్రం కిందే దొరికింది. క్వార్టర్ల చర్చిలో ఎవరూ ముట్టని బాస్ గిటారు మూలకు పడి ఉంటే పాస్టరు నీకిష్టమైతే తీసుకో అన్నాడు, మొదటి తీగ మీటగానే బల్ల మీద గ్లాసులో నీళ్లు కదిలాయి, ఇంకేం, అయిపోయింది బేరం. ఇరవై నాలుగేళ్లు నిండాక నాయిన తన నడుము చూపించి కొలువు దిగిపోతాననీ, ఆ కొలువు కొడుక్కు వస్తుందనీ కాగితాలు సిద్ధం చేశాడు. క్వార్టరు, దవాఖాన, జీవితాంతం నీడ. తను వద్దన్నాడు. పాతాళంల బొగ్గు తీస్తే కరెంటన్న వస్తది బిడ్డా, నీ గుంయ్‌గుంయ్‌తోని ఏమొస్తది అని నాయిన కోపం లేకుండానే అడిగాడు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. జవాబు అప్పుడూ లేదు, ఆయన పోయేనాటికీ లేదు. ఇద్దరు పిల్లలు పుట్టి పోయాక మూడోవాణ్ణి భిక్షమని పేరు పెట్టి దక్కించుకున్న తండ్రికి, చివరి రోజుల్లో కూడా తను ఇవ్వగలిగింది ఆదివారం ఒక ఫోను.

నెక్కొండ. ఎవరో దిగారు, ఎవరో ఎక్కి బాస్‌కు తల తగిలించుకుని తిట్టుకుంటూ లోపలికి పోయారు. ఈ బాస్ రోనీ సార్‌ది. పట్నంలో లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండే ఆంగ్లో ఇండియన్ ముసలాయన, పాతకాలంలో డాన్సు రాత్రుళ్లకు జాజ్ వాయించినవాడు, వేళ్లు వంకర్లు పోయాక తనను చేరదీశాడు. జాజ్ అంటే ఏమీ లేదురా, ఒక ఇంటి నుంచి బయల్దేరతావు, దారిలో ఇష్టమొచ్చిన చోటల్లా తిరుగుతావు, చివరికి అదే ఇంటికి రావాలి, మిగతావాళ్లు ఎగురుతుంటే దారి మరవకుండా నడిచేవాడే బాస్‌వాడు అనేవాడు. వంటలో ఉప్పు లాంటి పని, కూర బాగుందంటారు గానీ ఉప్పు బాగుందని ఎవడూ అనడు. ఆ ఏడాదే నరేశ్ దొరికాడు, మానుకోట దగ్గరి తండా నుంచి పెళ్లి బ్యాండుతో వచ్చి పట్నంలోనే ఉండిపోయినవాడు, కాగితం మీద ఒక్క స్వరం గుర్తు చదవలేడు, ఒకసారి విన్నది మరవలేడు. పియానో ముందు మనుషులు మారుతూనే ఉన్నారు, వీళ్లిద్దరు మారలేదు. ఒక పెద్ద హోటల్లో వాయించేవాళ్లు, సాయంత్రం ఏడు నుంచి పది దాకా, బఫే బల్లల వెనక, గరిటెల చప్పుడులో. భిక్షం అనలేక హోటల్ వాళ్లు బిక్కీ అన్నారు, నరేశ్‌ను నిక్ అన్నారు, గదికి వచ్చాక నిక్కూ బిక్కీ ఇద్దరూ పచ్చిపులుసు చేసుకుని పడి పడి నవ్వేవాళ్లు. లత వచ్చి నాలుగేళ్లు కాపురం చేసి, నువ్వు ఇంట్ల కూడ వెనకనే నిలబడతవు అని చెప్పి పోయింది. ఆమె పోయిన రోజు కూడా పక్కన కూర్చున్నది నరేశే, మోకాలి మీద వేళ్లతో మెల్లగా తాళం వేస్తూ.

అన్నా, ఒకసారి మా తండాకు రా, మా యాడి నిన్ను చూడాలంటున్నది అన్నాడు ఒక వేసవిలో. యాడి అంటే వాళ్ల లంబాడీ మాటలో అమ్మ. వెళ్లారు. బస్సు దిగి మట్టిదారిన నడిచి తండా మొదట్లోకి రాగానే నరేశ్ ఏదో తేవడానికి కొట్టుకు పోయాడు, అదిగో మా ఇల్లు, నువ్వు పోతుండు అన్నాడు. తను పోయాడు. వాకిట్లోకి వచ్చేసరికి లోపల నుంచి ఏడుపు. ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని, తలలు ఆనించుకుని, పొడుగ్గా రాగం తీసి ఏడుస్తున్నారు, పైన మొదలై మెట్టు మెట్టుగా దిగి, చివర ఊపిరి తెగే చోట చిన్న మెలిక, మళ్లీ పైకి. అంత అందమైన వరుస తను పుట్టాక వినలేదు. తనకేం తెలుసు, తన ఊళ్లో అయితే అట్లాంటి ఏడుపు ఒక్క సందర్భంలోనే వినపడుతుంది. చెప్పులు విప్పి గోడకానుకుని నిలబడ్డాడు. చావు ఇంట్లో ఎవరు పోయారని అడగరు, ఏమీ తినరు, పోయొస్తానని చెప్పరు. చిన్నప్పటి నుంచి మణెమ్మ నేర్పిన మర్యాద. ఆ మర్యాద ప్రకారం కొంచెంసేపు తలవంచుకుని నిలబడి, ఎవరికీ చెప్పకుండా వచ్చినదారినే వెనక్కు తిరిగాడు, పొలం పంపు దగ్గర బట్టల మీదే నీళ్లు పోసుకుని మానుకోట బస్సెక్కాడు. తడి బట్టలతో, చెవిలో ఆ వరుసతో. దుఃఖంలో ఉన్నవాణ్ణి ఎట్లా కదిలించడం అని ఆ తర్వాత నరేశ్‌ను కూడా అడగలేదు. నరేశ్ కూడా ఏమీ అనలేదు, వారం రోజులు ముభావంగా ఉన్నాడు, పాపం ఎవరు పోయారో అనుకున్నాడు తను.

ఆ వరుసను బాస్ మీద పైతీగకు ఎక్కించి, కింద నాలుగు దెబ్బల బరువైన నడక పెట్టి, ఒక పాట కట్టాడు. తను కట్టిన ఇరవై మూడు పాటల్లో గిరాకీ పలికింది అదొక్కటే. అది మొదలైతే గరిటెలు ఆగేవి. ఏళ్ల తరబడి దానికి పేరు లేదు, మూడో పాట అనేవాళ్లు, రోజూ మూడోదిగా వాయించేవాళ్లు కాబట్టి. రికార్డు వేసేటప్పుడు పేరు కావాలన్నారు. ‘చావింటి పాట’ అని రాసిచ్చాడు, కింద స్వరకల్పన భిక్షం అని. రికార్డు చేతికొచ్చిన సాయంత్రం హోటల్ లిఫ్టులో, ఇద్దరే, నరేశ్ అట్ట మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. రెండుసార్లు చదివాడు.

“మా యాడి బతికే ఉన్నది కదనే.”

లిఫ్టు మూడో అంతస్తు దాటింది. నరేశ్ గొంతు పెంచలేదు. గా ఏడుపు సావుది కాదన్నా, మా చిన్నమ్మ రెండేండ్లకు వచ్చింది, మా ఆడోళ్లు చాన దినాలకు కలిస్తే గట్లనే మెడలు కావలించుకొని ఏడ్చి ఎదురుకుంటరు, గా ఏడుపులనే అన్నీ చెప్పుకుంటరు, ఎవరు పుట్టిన్రు, ఎవరు పోయిన్రు, వానలు పడ్డయా, బర్రె ఈనిందా అన్నీ. నీకోసం కోడి కోసి రొట్టెలు చేసింది. నువ్వు చెప్పకుండ పోతే లంబాడోళ్ల ఇంట్ల తినబుద్ధి కాలేదేమో అని ఆమెనే అన్నది, నేను కాదన్న, నాకు తెల్వదు కాని కాదన్న. ఇన్నేండ్లు కొట్టిన గా పాటకు, నీకు ఎరికుండే కట్టినవనుకున్న. పేరు మార్చు.

అప్పుడు ఒక్క మాట అనాల్సింది. తప్పైంది అని. దానికి పెట్టుబడి అక్కర్లేదు. కానీ పెట్టెలు పెట్టెలుగా అచ్చై వచ్చేసిన అట్టలు కళ్ల ముందు నిలిచాయి, ఇరవై ఏళ్లలో మొదటిసారి ఒక సరుకు కదిలింది, జనం దాన్ని దుఃఖమనే తీసుకున్నారు, ఇప్పుడు ఇది దుఃఖం కాదండీ సంతోషం అంటే ఎవడు వింటాడు. చెల్లుతున్న సరుకుకు పేరు మారుస్తరా ఎవరన్న, అన్నాడు. తన నోటితో తనే అన్నాడు. లిఫ్టు తెరుచుకుంది. నరేశ్ ఆ రాత్రి మూడో పాట దగ్గర కర్రలు కింద పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు, మర్నాడు రాలేదు, ఇక రాలేదు. తండాకు పోయి మిరప వేస్తున్నాడని ఎవరో చెప్పారు. నష్టం రాకుండా చూసుకున్నానని అనుకున్నాడు తను, వాపును చూసి బలుపనుకున్నట్టు. వేరే డ్రమ్ములవాళ్లు వచ్చారు, కాగితం చూసి తప్పు లేకుండా కొట్టారు, తను నడుస్తుంటే పక్కన ఎవరూ నడవడం లేదని మాత్రం రోజూ తెలిసేది.

తర్వాత కరోనా వచ్చి హోటల్ బ్యాండును మూసేసింది, రోనీ సార్ కన్ను మూశాడు, బాస్ తన గదికి వచ్చింది, తను జనగామకు వచ్చాడు. కింద దుకాణం, పైన గది. పొద్దంతా చర్చి వాళ్లకు కీబోర్డులు, వినాయక మండపాలకు మైకులు, మాట్లాడటమంటే వాట్లూ వారంటీలూ. సాయంత్రం పైకెక్కి బాస్ తీసి నడక మొదలుపెడతాడు, ఎగిరేవాడు లేని నడక, ఎంతసేపు నడిచినా గది దాటదు. మొన్నామధ్య క్షవరం చేయించుకుంటుంటే మంగలి ఫోన్‌లో తన పాట మోగింది, ఎవరో ఊరి పెద్దమనిషి పోతే ఫొటోకు దండేసి కింద అది పెట్టారు. ఈ పాట ఇప్పుడు అందరు పెడుతున్నరు సార్, ఎవలదో తెల్వదు కాని సావుకు మస్తు కుదిరింది అన్నాడు మంగలి. నాదే అనబోయి మెడ మీద కత్తి ఉందని ఊరుకున్నాడు. కాదు, కత్తి లేకపోయినా ఊరుకునేవాడే. నాది అనడానికి దాంట్లో తనదేముంది, తప్పు తప్ప.

కేసముద్రం వచ్చింది. కట్టమ్మ లేచింది, బాస్‌ను పక్కకు జరిపాడు, సంచి దించిపెట్టాడు, మంచిగుండు కొడుకా, నీ మనిషిని భద్రంగ దించుకో అని టార్పాలిన్ మీద ఒకసారి చెయ్యి వేసి పోయింది. ఇక పావుగంట. నిన్న మెసేజ్ చూశాక షట్టర్ దించి పొద్దూకేదాకా ఆ పాటనే విప్పుకుంటూ కూర్చున్నాడు. కళ్లు మూసుకుని ఆ వాకిట్లోకి మళ్లీ పోయి, ఈసారి తొందరపడకుండా చూశాడు. చంద్రి చెయ్యి చెల్లెలి వీపు మీద ఉంది. తడుతోంది. ఏడుపు నిదానంగా సాగుతోంది గానీ ఆ తట్టడం నిదానం కాదు, ఆరు దెబ్బల పరుగు, పసిపిల్లను ఎత్తుకుని ఊపేటప్పటి దెబ్బ. చావు ఇంట్లో ఎవరి రొమ్ము వాళ్లే కొట్టుకుంటారు, ఒకరి వీపు ఒకరు తట్టుకోరు. కళ్లతో చూసింది కూడా చెవి నమ్మనివ్వలేదు. ఆ ఆరు దెబ్బలు కింద పెట్టి వరుసను పైన వాయిస్తే, అదే పాట, ఒక్క స్వరం మారలేదు, గదిలోకి మనిషి వచ్చినట్టైంది. అందుకే బాస్‌ను మోసుకొచ్చాడు. దినాల రోజు నలుగురి ముందు దాన్ని దాని నడకతో వాయించి, పేరు మారుస్తానని, చంద్రి పేరు ముందు పెట్టిస్తానని చెప్పి, తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తే నరేశ్ తనను ఇంట్లోకి రానిస్తాడు. మొదట పేరు సంగతి చెప్పాలా, పాట వాయించాక చెప్పాలా, క్షమించు అనే మాట ముందు పెట్టాలా చివరికి దాచుకోవాలా. తాళ్లపూసపల్లి దాటింది. ఒక మాట చాలు అనుకున్నాడు, మళ్లీ అన్నీ కావాలనుకున్నాడు.

మానుకోటలో బండి ఆగేది రెండు నిమిషాలు. తలుపులోంచి తల బయట పెట్టేసరికి నీళ్ల కుళాయి దగ్గర నరేశ్ కనిపించాడు, గుండు, తెల్ల తువాలు, తను అనుకున్న దానికంటే ముసలివాడు. వచ్చాడు. పలకరించలేదు గానీ బాస్ కింది కొన పట్టుకున్నాడు, తను పైకొన పట్టుకున్నాడు, ఎటు వంచాలో ఎప్పుడు తిప్పాలో ఎవరూ చెప్పుకోకుండానే వెయ్యిసార్లు దించినట్టు దించారు. బండి వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ దాన్ని మధ్యలో నిలబెట్టుకుని నిలబడ్డారు.

“పూజ చెప్పిందా?”

“చెప్పింది.”

“చెప్పొద్దన్న.”

“అది గూడ చెప్పింది.”

నరేశ్ పెదవి ఒక పక్కకు కదిలి ఆగింది. ఇక ఆలస్యం చేస్తే మాట దొరకదని తను అన్నీ ఒకేసారి గుమ్మరించాడు, పేరు మారుస్తానన్నాడు, మీ యాడి పేరు ముందు పెడతానన్నాడు, ఆరు దెబ్బల సంగతి చెప్పి ఇయ్యాల దాని అసలు నడకతోనే వాయిస్త నరేశ్ అన్నాడు, చివరికి మిగిలింది కూడా అనేశాడు, తప్పైంది. నరేశ్ అంతా విన్నాడు. టార్పాలిన్ పట్టీ ఒకటి వదులైతే అలవాటుగా బిగించాడు.

“ఇప్పుడు ఎవరిని ఎదురుకోనీకి వాయిస్తవే అన్నా?”

గంటసేపు మాటలు కూర్చినా ఈ ప్రశ్న వస్తుందని భిక్షం అనుకోలేదు. నరేశ్ అటు పట్టాల వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు, ఆ రోజు యాడి పొద్దుగూకేదాకా కూర మూత తీయలేదనీ, భిక్షం బస్టాండులో ఉన్నాడేమో చూడమని కొడుకును రెండుసార్లు పంపిందనీ. తర్వాత తిరిగి చూశాడు, బాస్‌ను కాదు, తనను.

“ఆమె పాటగాన్ని రమ్మనలే. నా దోస్తును రమ్మన్నది. నువ్వొస్తే రా. గిది మాత్రం తండాకు రాదు.”

పార్సెల్ ఆఫీసు ప్లాట్‌ఫారం చివర ఉంది. అక్కడిదాకా ఇద్దరూ మోశారు. లోపల ఏముందని గుమాస్తా అడిగితే తను చెప్పేలోపు నరేశ్ కర్ర సామాను అన్నాడు. మళ్లీ ఎప్పుడు తీసుకుంటారంటే భిక్షం నరేశ్ ముఖం చూశాడు, తెలియదన్నాడు. చీటీ జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. భుజం తేలికైపోయి మనిషి ఒక పక్కకు ఒరిగినట్టున్నాడు, నడవడం కూడా కొత్తగా ఉంది. నరేశ్ మోటర్ సైకిల్ తీశాడు, వెనక ఎక్కాడు. పట్నంలో పన్నెండేళ్లు తిరిగినా ఎప్పుడూ ఇద్దరి మధ్య ఏదో ఒక డ్రమ్ము, ఏదో ఒక పెట్టె ఉండేది. ఇప్పుడేమీ లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దాటింది, మిరప చేలు వచ్చాయి. తండాకు పోయే మట్టిదారి మీద మొదటి గుంతలో మోటర్ సైకిల్ ఎగిరి పడింది. పట్టుకొమ్మని నరేశ్ అనలేదు. భిక్షం వాడి భుజం పట్టుకున్నాడు.